గాబ్రియేలు శెట్టి కొడుకు కొన్న పేరు

"ఎత్తు."

ముక్కూ మొహం తెలియని ఒక అమ్మాయి నా కేబిన్ తలుపు తోసుకుని వచ్చి, మోగుతున్న సెల్‌ఫోన్ నా కీబోర్డు మీద పెట్టి అన్న మొట్టమొదటి మాట అది.

"నేనా?"

"నువ్వే. ఎత్తు."

ఎత్తాను. అవతల ఎవరో పెద్దాయన. "రూమ్ ఇదెయా? బిసినీరు బరుత్తా?" అన్నాడు. నేను బిక్కమొహం వేశాను.

"వేన్నీళ్ళు వస్తాయా అని అడుగుతాండాడు. చెప్పు," అంది ఆ అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని.

"నాకెట్ల తెలుస్తాదండీ?"

"తెలీదు కదా? మరి నీ సైట్లో నా నంబరెందుకుండాది?"

అది 2008 మే నెల. కర్నూలు కొత్త బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌లో మూడో నంబర్ కేబిన్ నా ఆఫీసు. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. ఆ అమ్మాయి మొహం ఎర్రగా కందిపోయి ఉంది. అందులో ఎండ వాటా ఎంతో, నా వాటా ఎంతో తెలియలేదు. ఇంత కోపంలోనూ ఈ పిల్ల బాగుందే అని మాత్రం తెలిసింది.

ఇక్కడ నా వ్యాపారం గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇంటర్నెట్‌లో ప్రతి సైటుకూ ఒక పేరుంటుంది. దానికి ఏటేటా డబ్బు కట్టాలి. కట్టడం మరిచిపోతే కొన్నాళ్ళు చూసి వదిలేస్తారు. అప్పుడు నాలాంటివాడు కాచుకుని కూర్చుని కొనుక్కుంటాడు. పాత పేరుతో దాని పరపతి కూడా వస్తుంది. వాళ్ళూ వీళ్ళూ ఇచ్చిన లింకులు, గూగుల్లో దానికున్న స్థానం, అన్నీ. అది జారిపోకుండా ఉండాలంటే నాదొకటే సూత్రం, ఏదీ కదిలించకూడదు. పాత పేజీల నకళ్ళు దాచే సైటొకటుంది. అందులోంచి అన్నీ దించి, ఏ పేజీ అడ్రసు దానికే ఉంచి, అక్షరం మార్చకుండా, పక్కన ప్రకటనలు మాత్రం తగిలించి, మూడు నెలలు చేతులు కట్టుకుని కూర్చుంటాను. యజమాని మారిన సంగతి గూగుల్‌కు తెలిసేలోపు మంచి బేరం చూసి అమ్మేస్తాను.

మా ఊరు కోడుమూరులో మాత్రం నేను చచ్చిపోయిన పేర్లు కొంటానని చెప్పుకుంటారు. మా పెద్దమ్మ ఒకసారి నా జబ్బకు తాయెత్తు కూడా కట్టింది.

ఈ సూత్రం నాకు ఏ కంప్యూటర్ పుస్తకమూ నేర్పలేదు. మా నాయన నేర్పాడు. ఆయన పేరు తిమ్మయ్య శెట్టి. ముప్పై ఏళ్ళ కిందట ఆయన కోడుమూరులో గాబ్రియేలు అనే ఆయన దగ్గర బట్టల అంగడి కొన్నాడు. బోర్డు మారిస్తే గిరాకీ పోతుందని మార్చలేదు. 'గాబ్రియేలు క్లాత్ స్టోర్స్' అని ఈనాటికీ అట్లాగే ఉంది. దాంతో మా నాయన గాబ్రియేలు శెట్టి అయ్యాడు. నుదుటిన ఇంత బొట్టు పెట్టుకుని ప్రతి క్రిస్మస్‌కూ అంగడికి నక్షత్రం కడతాడు. నేను గాబ్రియేలు శెట్టి కొడుకుని. బడి రికార్డుల్లో వేణుగోపాల్ అని ఉన్న సంగతి ఊళ్ళో సగం మందికి తెలియదు.

సరే, ఆ అమ్మాయి సంగతి. పేరు తనూజ. మంత్రాలయంలో వాళ్ళ నాన్న కేశవులు శెట్టికి చిన్న లాడ్జి ఉంది. డిగ్రీలో ఉన్నప్పుడు 'మంత్రాలయం దారి డాట్ కామ్' అని ఒక సైటు కట్టింది. బస్సులు, రైళ్ళు, ఏ లాడ్జిలో వేన్నీళ్ళొస్తాయి, ఏ లాడ్జిలో నల్లులుంటాయి, నదిలో నీళ్ళెంత ఉన్నాయి, అన్నీ ఉన్నదున్నట్టు రాసింది. సొంత లాడ్జి గురించి కూడా 'రెండో అంతస్తులో ఫ్యాను శబ్దం చేస్తుంది' అని రాసిన పిల్ల. పేరు కొన్నప్పుడు కాలేజీ వాళ్ళిచ్చిన మెయిలు ఐడీ పెట్టింది. చదువైపోయింది, ఆ మెయిలు మూతపడింది, డబ్బు కట్టమని వచ్చిన ఉత్తరాలన్నీ అందులోనే సమాధి అయ్యాయి. మిగతాది మీకు తెలిసిందే. పేరు ఎవరు కొన్నారో నెట్‌లోనే వెతికి నా అడ్రసు పట్టుకుంది.

"పేజీ నీది, తిట్లు నాకు," అంది. "బస్సు టైములన్నీ పాతవి. నిన్న రాయచూరాయప్ప బస్టాండులో మూడు గంటలు కూర్చోని నన్ను అమ్మనాబూతులు తిట్నాడు. పైగా స్వామి దర్శనం టైముల పక్కనే పొట్ట తగ్గించే మాత్రల అడ్వటైజ్మెంటు! టైములన్నా మార్చు, నా నంబరన్నా తీసెయ్. నా సైటు నాకిచ్చేస్తే ఇంకా సంతోషం."

"మూడు నెలలు ఏదీ మార్చగూడదండీ. ర్యాంకు పడిపోతాది."

"ఏం ర్యాంకప్పా? ఎంసెట్ ర్యాంకా?"

పక్క కేబిన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది.

"ఒక పని చేద్దాం. మీకొచ్చే ఫోన్లన్నీ నా నంబరుకు మళ్ళించండి. తిట్లు నేను తింటా."

"నీకు మంత్రాలయం గురించి ఏం తెలుసు?"

"ఏమీ తెల్దు. మిమ్మల్ని అడుగుతా."

ఆమె నన్ను తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూసింది. చీర కొనేముందు మా అంగట్లో ఆడవాళ్ళు కొంగు తిప్పి చూసినట్టు చూసింది. తర్వాత కాల్ డైవర్ట్ పెట్టేసి వెళ్ళిపోయింది. ఆమె ఇంట్లోవాళ్ళకు వేరే నంబర్ ఉందట. అది నాకిచ్చి, "పని ఉంటేనే చెయ్," అంది.

ఎన్ని పనులో!

"తనూజగారూ, కర్నూలు నుంచి ఆఖరి బస్సెప్పుడు?"

"తనూజగారూ, గుంతకల్లాయన అడుగుతాండాడు, పంచె కట్టుకోకుండా పోనిస్తారా?"

"తనూజగారూ, కొత్తగా పెండ్లయినోళ్ళంట, కిటికీ ఉండే రూము కావాలంట."

"కొత్తగా పెండ్లయినోళ్ళకు కిటికీ ఎందుకంట?"

"అది నేనెట్ల అడిగేది?"

అవతల నవ్వు వినిపించింది. ఆ రోజు నుంచి నాకు తెలిసిన జవాబులు కూడా తెలియనట్టు అడగడం మొదలుపెట్టాను. ఆఖరి బస్సు టైము నేను పదిహేడుసార్లు అడిగాను. పద్దెనిమిదోసారి ఆమె, "వేణూ, నీకు మతిమరుపా, ఇంకేమన్నానా?" అంది.

"ఇంకేమన్నా," అన్నాను.

"పెట్టేస్తాండా," అంది. కానీ పెట్టేయలేదు.

జూన్ అయ్యేసరికి 'తనూజగారూ' పోయి 'తనూజా' అయింది. నేను ఆమెను పొట్ట తగ్గించే మాత్రలు పంపమంటావా అని, ఆమె నన్ను చచ్చిన పేర్ల శెట్టి అని ఏడిపించుకునే దాకా వచ్చాం. యాత్రికులు కూడా నన్ను మంత్రాలయం వాడనే అనుకోసాగారు. హోస్పేట నుంచి ఒక ముసలామె రూమ్ సంగతి వదిలేసి తన మోకాళ్ళ నొప్పులు చెప్పుకుని, నాకు పిల్లను కుదురుస్తానని కూడా అంది.

ఈలోగా బళ్ళారి నుంచి దేవేంద్రప్ప అనే ట్రావెల్స్ ఆయన తగిలాడు. ఆగస్టులో స్వామి ఆరాధన. దానికి ముందే సైటు కొంటానన్నాడు. "జూలై నెలాఖరు దాకా గూగుల్లో మొదటి స్థానంలోనే ఉండాలప్పా. నువ్వు వేలు పెట్టొద్దు," అన్నాడు. చెప్పిన ధర వింటే మా నాయన నోట్లో వక్కపొడి జారిపోయేది. ఈ సంగతి తనూజకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఏమవుతుందో తెలుసు కాబట్టి.

జూలై మూడో వారంలో తనూజ ఏదో పని మీద కర్నూలు వచ్చింది. వాన పట్టుకుంది. మా సీమలో వాన అంటే పిలవకుండా వచ్చిన చుట్టం. అందరూ సంతోషంగా తిట్టుకుంటూ చూరుల కింద చేరారు. మేమిద్దరం ఒక హోటల్ రేకుల కింద నిలబడి బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తింటున్నాం. ఆమె జడ చివర్నుంచి నీళ్ళు కారుతున్నాయి. నేను బజ్జీ వైపు చూస్తున్నట్టు నటిస్తూ అటే చూస్తున్నాను.

"మిరపకాయ కొరికినావు. కండ్లల్లో నీళ్ళొస్తాండాయి," అంది.

"దానికి కాదులే."

"మరి దేనికి?"

చెబుదామని నోరు తెరిచాను. ఆమె ఫోన్ మోగింది. లాడ్జి నుంచి. విని పెట్టేసింది. మొహంలో నవ్వు పోయింది.

"పైన డ్యాము గేట్లెత్తినారంట. వేణూ, ఇప్పుడే ఒక పని చెయ్. సైట్లో నది పేజీ ఉండాది చూడు. 'మోకాలి లోతు నీళ్ళే, పిల్లలు కూడా దిగొచ్చు' అని రాసింటాది. అది నేను ఎండాకాలంలో రాసిన మాట. నువ్వు దించుకున్న నకలు అప్పటిది. ఏటా నీళ్ళొచ్చినప్పుడు మార్చేదాన్ని. దాన్ని మార్చు."

నేను లెక్క వేశాను. నెలాఖరుకు ఇంకా పది రోజులు.

"ఒక్క పది రోజులాగితే..."

"ఏమన్నావు?"

"అంటే, ఒడ్డున పోలీసులుంటారు కదా. ఎవరు దిగుతారు? ఇప్పుడు మారిస్తే ర్యాంకు..." దేవేంద్రప్ప సంగతి కూడా చెప్పేశాను. చెబుతూ చెబుతూనే, ఎంత చవట మాట మాట్లాడుతున్నానో నాకే వినిపించింది. అయినా నోరు ఆగలేదు.

తనూజ ఉగ్గాని ప్లేటు బల్ల మీద పెట్టింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఆ పేజీ కింద నా పేరుండాది వేణూ. చదివినోళ్ళు నన్ను నమ్మి పిల్లోళ్ళను నీళ్ళల్లోకి దింపుతారు. నిన్ను కాదు."

వానలోనే నడుచుకుంటూ బస్టాండు వైపు వెళ్ళిపోయింది. పావుగంటకు నా ఫోన్ మోగడం మానేసింది. డైవర్ట్ తీసేసింది.

ఆ రోజంతా ఫోన్ మోగలేదు. గుంతకల్లాయన లేడు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు లేరు, మోకాళ్ళ ముసలామె లేదు. నేనే ఒకసారి కాయిన్ బాక్సు నుంచి నా నంబర్‌కు కొట్టి చూసుకున్నాను. బాగానే పనిచేస్తోంది. నేనే బాగా లేను. తనూజకు చేస్తే ఎత్తలేదు.

మరుసటి ఉదయం కోడుమూరు వెళ్ళాను. నాయన అంగట్లో గుడ్డ కొలుస్తున్నాడు.

"ఏమిరా, మొకం మాడ్చుకోనుండావు? పేర్లేమన్నా లేచి తిరగబడినాయా?"

అంతా చెప్పాను. ఆయన కొలతబద్ద పక్కన పెట్టాడు.

"బోర్డు మార్చకుండా పెట్టుకున్నావు. మంచిదే. నేను చేసిందీ అదే. కానీ అంగడి అమ్మేటప్పుడు గాబ్రియేలన్న నన్నేం అడిగినాడో నీకెప్పుడన్నా చెప్పినానా?"

"లేదు నాయనా."

"నా పేరు మీద చినిగిన గుడ్డ అమ్మొద్దు తిమ్మయ్యా అన్నాడు. అంతే అడిగినాడు. ఆయన పోయి శానా ఏండ్లాయ. ఈనాటికీ కొత్త రకమేదన్నా వస్తే ముందు ఆయన భార్య జ్ఞానమణమ్మ ఇంటికి తీస్కపోయి చూపిస్తా. ఆమె వేళ్ళతో నలిపి చూసి బాగుండాది అంటేనే అల్మారా ఎక్కుతాది. బోర్డు నేను కొన్నా. పేరు మాత్రం వాళ్ళదేరా."

నేను తల దించుకున్నాను.

"నువ్వు ఆ పిల్ల పేరు మీద చినిగిన గుడ్డ అమ్ముతాండావు," అన్నాడు. మళ్ళీ బద్ద తీసుకున్నాడు.

మా ఊళ్ళో ఉన్నది ఒకే ఒక్క నెట్ సెంటర్. పరుగెత్తాను. నది పేజీలో పాత మాట తీసేసి, 'తుంగభద్రకు నీళ్ళు వదిలారు. లోతుగా ఉంది. ఎవరూ దిగొద్దు, పిల్లలను అసలే దింపొద్దు' అని పెద్ద అక్షరాలతో పెట్టాను. కన్నడం వచ్చినవాణ్ణొకణ్ణి పట్టుకుని కన్నడంలో కూడా రాయించి పెట్టాను. బస్సు టైములు మార్చాను, నాకిప్పుడు అవి కంఠతా వచ్చు కదా. పొట్ట మాత్రలు పీకేశాను. దేవేంద్రప్పకు ఫోన్ చేసి అమ్మడం లేదని చెప్పాను. ఆయన కన్నడంలో ఏదో అన్నాడు. బిసినీరు గురించి మాత్రం కాదు. ఆ తర్వాత ఆ పేరును తనూజ పేరు మీదికి మార్చే పని పూర్తిచేసి, కాగితం ప్రింటు తీసుకుని మంత్రాలయం బస్సెక్కాను.

మధ్యలో ఎమ్మిగనూరులో బస్సు మారేటప్పుడు నెట్ సెంటర్‌లో దూరి గూగుల్లో ఒకసారి చూశాను. అలవాటు చావదు. సైటు మొదటి స్థానంలోనే ఉంది. రేపో ఎల్లుండో జారితే జారనీ అనుకున్నాను. జారలేదు. ఆ మాటకొస్తే ఎప్పటికీ జారలేదు. ఇన్నాళ్ళూ దేనికి భయపడి చచ్చానో నాకే అర్థం కాలేదు.

నది ఒడ్డున జనం. ఎర్రటి నీళ్ళు మెట్లన్నీ మింగేసి పారుతున్నాయి. ఆ జనం మధ్యలో తనూజ, ఒక అట్టముక్క ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. 'లోతు. దిగొద్దు' అని రెండు భాషల్లో రాసింది. వానకు అక్షరాలు కారిపోయి ఉన్నాయి.

"సైట్లో మార్చినా," అన్నాను దగ్గరికి వెళ్ళి.

"చూసినా. నిన్ననే చదివొచ్చినోళ్ళుంటారు కదా. వాళ్ళకెవరు చెప్పాల?"

నేను అట్ట రెండో కొస పట్టుకున్నాను. సాయంత్రం దాకా ఇద్దరం అట్లాగే నిలబడ్డాం. ఒక తండ్రి పిల్లవాణ్ణి భుజం మీద నుంచి దించబోయి, అట్ట చూసి, మళ్ళీ ఎత్తుకుని వెనక్కి తిరిగాడు. తనూజ నా వైపు చూసింది.

తర్వాత కాగితం తీసి ఇచ్చాను.

"ఇదేంది?"

"నీ పేరు నీకే. పదేండ్లకు కట్టినా."

"పదేండ్లా?"

"అంతకు మించి కట్టించుకోరంట. అడిగి చూసినా."

పెదవి బిగబట్టింది, నవ్వు ఆపుకోవడానికి. నేను ఆగలేదు. "తనూజా, నీ ఫోన్ లేకుంటే నాకు తిండి పోవడం లేదు. ఆఖరి బస్సు ఎనిమిదిన్నరకని నాకు మే నెల నుంచి తెలుసు. నువ్వంటే నాకిష్టం. తప్పు చేసినా. ఇంకోసారి చెయ్యను."

"ఎనిమిదీ నలభై," అంది. "లాడ్జికి రా. మా నాయన ఉండాడు."

కేశవులు శెట్టి గల్లాపెట్టె వెనకనుంచి కళ్ళద్దాల మీదుగా చూశాడు. "ఎవరి పిల్లోనివప్పా?"

"కోడుమూరు గాబ్రియేలు శెట్టి కొడుకుని," అన్నాను, అలవాటు కొద్దీ.

"గాబ్రియేలు... శెట్టి?"

ఆయన ఫోన్ తీసి కోడుమూరులో తనకు తెలిసిన విత్తనాల వ్యాపారికి కొట్టాడు. "వేణుగోపాలంట, బట్టలంగడోళ్ళ పిల్లోడంట, తెలుసా? ఆ... గాబ్రియేలు కొడుకేనా? క్రిస్మస్‌కు నక్షత్రం కడతారా? సరే సరే." ఫోన్ పెట్టి నన్ను కొత్తగా చూశాడు. "మా పిల్లతో వేణుగోపాల్ అని చెప్పినావంట?"

నేను చెమటలు కక్కుకుంటూ మొత్తం చెప్పాను. అంగడి, బోర్డు, చినిగిన గుడ్డ మాట, జ్ఞానమణమ్మ వేళ్ళు, వదులుకున్న బళ్ళారి బేరం. తనూజ పక్కన నిలబడి పైట చెంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. సాయం రాలేదు.

కేశవులు శెట్టి గల్లాపెట్టె మీద వేళ్ళు ఆడించాడు.

"బళ్ళారాయప్ప అంత ధర ఇస్తానంటే వద్దన్నావు. కొన్నదాన్ని ఊరికే వెనక్కిచ్చినావు. నువ్వు యాపారానికి పనికిరావప్పా," అన్నాడు. "ఇంట్లో మనిషిగా పనికొస్తావు. మీ నాయన్ను రమ్మను."

శ్రావణంలో మంచిరోజు చూసి మా నాయన వచ్చాడు. పెళ్ళికూతురికని ఆకుపచ్చ పట్టుచీర తెచ్చాడు. "జ్ఞానమణమ్మ నలిపి చూసి ఇచ్చిందిలే," అన్నాడు కేశవులు శెట్టితో. కేశవులు శెట్టి తానూ రెండు వేళ్ళతో నలిపి చూసి తలూపాడు. వ్యాపారం మాట్లాడుకోవడం మొదలుపెట్టాక ఇద్దరికీ మేమున్నామన్న ధ్యాసే లేదు.

నా ఫోన్ మోగింది. నెలయింది, కొత్త నంబర్ల నుంచి మోగి. ఎత్తాను.

"ఏమప్పా, హోస్పేట నుంచి. మోకాళ్ళ నొప్పులామెను. రూము కావాల. సైట్లో తనూజమ్మ నంబరు కింద నీ నంబరు కూడా ఉండాది ఇప్పుడు. ఆమెకు నువ్వేమైతావు?"

నేను తిరిగి చూశాను. తనూజ వాకిట్లో నిలబడి వక్కాకు పళ్ళెం సర్దుతోంది. సర్దాల్సినంత ఏమీ లేదు అందులో.

"పేజీ మార్చినావా?" అన్నాను ఫోన్ చేత్తో మూసి.

"పొద్దున్నే. ర్యాంకు పడిపోతే నన్నడగొద్దు," అంది తలెత్తకుండానే. "పాపం, ఆమె కాచుకోనుండాది. ఏమైతావో చెప్పు."

నేను చేయి తీసి, పెద్దవాళ్ళిద్దరూ మాటలాపి తిరిగి చూసేంత గట్టిగా చెప్పాను.

"మొగుణ్ణి, అవ్వా. వచ్చే నెల నుంచి."